శనివారం షో: లైబ్రరీ వాళ్ళు హాల్ ఇచ్చేది లేదంటున్నారు

శ్రీధర్
ప్రొజెక్టర్, 80 కుర్చీలు, పులిహోర, ఫ్లయర్ లిస్టు కాసేపు పక్కన పెట్టండి. రేడియో స్టార్ల పాత సినిమా ‘ద బిగ్ బ్రాడ్‌కాస్ట్’ పబ్లిక్‌గా వేయడానికి లైసెన్సు కాగితం గురువారం సాయంత్రం 5 లోపు చూపాలట. లేకపోతే హాల్ లేదు. లైబ్రరీకున్న లైసెన్సు వాళ్ళ సొంత కార్యక్రమాలకేనట.

కిరణ్
1932 సినిమాకి ఇంకా లైసెన్సేంటి? డీవీడీ కొన్నాం కదా.

లలిత
డీవీడీ ఇంట్లో చూసుకోడానికే. ఇక్కడ అమెరికాలో ఆ కాలపు సినిమాలకి 95 ఏళ్ళ కాపీరైట్ హక్కు, అంటే 2027 చివరిదాకా. ఎంట్రీ ఫ్రీ పెట్టినా సినిమాకి మినహాయింపు లేదు.

మూర్తి
లైసెన్సుకి రేటు అడిగాను, 400 డాలర్లు. సినిమా పద్దులో 150 ఉన్నాయి. 5 డాలర్ల టికెట్ డబ్బు హాల్ అద్దెకే సరి. నన్నడక్కండి.

కిరణ్
1930 నాటివి 2026 జనవరి 1తో ఫ్రీ అయిపోయాయిగా. ‘చెక్ అండ్ డబుల్ చెక్’ వేసేద్దాం. అదీ రేడియో స్టార్లదే, పైగా డ్యూక్ ఎలింగ్టన్ జాజ్ బ్యాండ్.

లలిత
ఆ ఇద్దరు స్టార్లూ తెల్లవాళ్ళు. ముఖాలకి నల్లరంగు పూసుకుని నల్లవాళ్ళ వేషం వేశారు. పిల్లల ముందు అది వేస్తావా? చెప్పేముందు ఒకసారి చూడాల్సింది.

కిరణ్
మీరు ఎంచిన దాంట్లో మాత్రం? ఇద్దరు గ్యాస్ తిప్పుకుని చావబోయే సీనుంది, గాయకుడు క్యాబ్ కాలోవే మత్తుమందు పాటుంది. అవి పిల్లలకి పరవాలేదా?

శ్రీధర్
ఇద్దరూ ఆగండి. గురువారం ఎల్లుండే.

లలిత
ఆ సీను సంగతి మర్చిపోయాను కిరణ్. నువ్వన్నది నిజమే.

సత్య
సినిమా వదిలేసి అందులో పాటలే రేడియో ప్రోగ్రాంలా స్టేజీ మీద పాడిద్దాం. బింగ్ క్రాస్బీ పాడిన ‘డైనా’ 1925 పాట, నలుగురన్నదమ్ముల బృందం మిల్స్ బ్రదర్స్ పాడిన ‘టైగర్ ర్యాగ్’ 1917ది. రెండిటికీ హక్కుల గడువు తీరింది, టికెట్ కూడా ఉంచుకోవచ్చు. ‘ప్లీజ్’ 1932ది కాబట్టి వద్దు. యూట్యూబ్ నుంచి సినిమా ముక్కలు వేశారంటే మళ్ళీ ఇదే గొడవ.
మిల్స్ బ్రదర్స్‌కి ఉన్నది గిటార్ ఒక్కటే, ట్రంపెట్ గట్రా నోటితోనే. అరచేతులు దొప్పలా చేసి నోటి మీద పెట్టి, పెదాలు బిగించి పాడాలి. దొప్ప తెరిచి మూస్తుంటే వా-వా అని పలుకుతుంది. నలుగురు పిల్లలకీ ఒకటే మైకు. విడిగా ఇస్తే ఎవరి గోల వాళ్ళది, గొంతులు కలవవు. బేస్ పాడేవాడు మైకుకి జానెడు దూరం, మిగతావాళ్ళు మూరెడు.
‘డైనా’ పాడేవాళ్ళు నాలుగు వేళ్ళ దూరంలో, కాస్త పక్కకి తిరిగి పాడాలి. ఎదురుగా పాడితే గాలి తగిలి స్పీకరు టప్‌మంటుంది. క్రూనింగ్ అంటే హాలుకి కాదు, మైకుకి పాడటం. గొంతు పెంచారా, ఆ పాట చచ్చినట్టే. కిందటిసారి స్పీకరు బుయ్‌మన్నది లాప్‌టాప్ చార్జర్ వల్ల. ఈసారి బ్యాటరీ మీదే నడపండి.

మూర్తి
టికెట్ ఉంటే నాకు ఓకే. గిటార్ అబ్బాయికి 60 ఇస్తాను.

లలిత
మధ్యలో ఆకాశవాణి నాటకాల్లోలా శబ్దాలు పెడదాం. గుర్రపు డెక్కలకి కొబ్బరిచిప్పలు తెస్తా. లోపలి కొబ్బరంతా గీకి ఎండబెట్టాలి, పచ్చిగా ఉంటే మొద్దుగా మోగుతాయి.

కిరణ్
ఉరుముకి రేకు నాది అక్కా. 2 అడుగుల వెడల్పు, 4 అడుగుల పొడవు, పలచటిదే. పైఅంచు పట్టుకుని ఆడిస్తే చాలు, కర్రతో కొట్టొద్దు. రేపు 7కి పిల్లల్ని తీసుకొస్తా.

శ్రీధర్
సినిమా లేదు, పాటలేనని లైబ్రరీకి రాశా. సరేనన్నారు. మైకు మాత్రం 8:30కి ఆపేయాలట. ఫ్లయర్లో సినిమా పేరు ఎవరైనా తీసేయండి.