నాన్నకి చేపే ఆవు నాకు చేపడం లేదు, ఏం చెయ్యాలి?

మహేంద్రతనయ గట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. మొన్నటిదాకా విశాఖలో పని చేసుకునేవాణ్ణి. రెండు నెలల కిందట నాన్న చెరువు గట్టు మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు, బరంపురంలో ఆపరేషన్ చేయించి ఇంటికి తెచ్చాం, ఇంక ఆయన కింద కూర్చుని పాలు పితకలేరు కాబట్టి నేను పని మానేసి వచ్చేశాను.

సాలలో ఒక జెర్సీ క్రాసు ఆవు, ఒక నాటు గేదె ఉన్నాయి. ఆవుకి మూడో ఈత, ఈని మూడు నెలలైంది. నాన్న పితికినన్నాళ్లూ పూటకి నాలుగు లీటర్లకి తగ్గలేదు. నాకు రెండు, మహా అయితే రెండున్నర. దూడని వదిలితే చక్కగా చేపుతుంది, అంటే పాలు కిందికి దింపుతుంది, దూడ మూతి చుట్టూ నురగ కూడా కనిపిస్తుంది, తీరా దూడని లాగి రాటకి కట్టి నేను తపేలా పట్టుకుని కూర్చోగానే వీపు బిగబట్టి పాలు పైకి లాగేసుకుంటుంది. గేదె అయితే అరలీటరు కూడా ఇవ్వదు.

దాచకుండా చెప్తున్నాను. మొదటి వారంలో ఒక రోజు తపేలా తన్నేస్తే కోపం ఆపుకోలేక కర్రతో రెండు వేశాను. అప్పటి నుంచి నేను సాలలో అడుగుపెడితే చాలు, ఆవు గోడ వైపు జరిగిపోతుంది. చాలా బాధగా ఉంది.

మందుల షాపులో అడిగితే పాలు దిగే సూది అని చిన్న సీసా చూపించి, రెండు నిమిషాల్లో దిగిపోతుందన్నారు. మా వీధిలో ఇద్దరు రోజూ వేస్తున్నారు. నాన్న మాత్రం వద్దంటే వద్దన్నారు. ఆయన ఒకటే మాట, "దానికి మనిషి తెలుసురా" అని. నిజంగా తెలుస్తుందా? దీని మీద ఎవరైనా పరిశోధన చేశారా, లేక మన పెద్దలు అనుకునే మాటేనా?

పాత పశువుల ఆసుపత్రి, బరంపురం

బాబూ, పశువుల ఆసుపత్రుల్లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. మీ నాన్నగారి మాట వినండి. సూది జోలికి పోవద్దు.

పొదుగులో జరిగేది అర్థమైతే సగం టెన్షన్ తగ్గుతుంది. ఆవు పొదుగులో ఉన్న పాలలో దాదాపు ఐదో వంతే కింద, చన్నుల పైనుండే ఖాళీలో చేరి ఉంటుంది. మిగతాదంతా పైన కండలో చిన్న చిన్న తిత్తుల్లో ఉంటుంది. దూడ మూతి తగిలినప్పుడో, మీరు పొదుగు కడిగి నిమిరినప్పుడో మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోన్ వస్తుంది, అది ఆ తిత్తుల్ని పిండుతుంది. దాన్నే మనం చేపు అంటాం. దాని బలం రక్తంలో కొద్ది నిమిషాలే. ఆ లోపల పశువు బెదిరిందా, అడ్రినలిన్ అనే బెదురు హార్మోన్ వచ్చి చేపుని ఆపేస్తుంది. 1941లోనే అమెరికాలో ఈలీ, పీటర్సన్ అనే ఇద్దరు దీన్ని ప్రయోగం చేసి చూపించారు. కాబట్టి మీ ఆవు మీ మీద పగబట్టి పాలు దాచుకోవడం లేదు. భయపడుతోంది, ఆ భయంలో చేపడం దాని వశంలో ఉండదు.

గేదె విషయం ఇంకా కష్టం. గేదెకి ఆ కింది భాగంలో ఉండేది నూటికి ఐదు పాళ్లే. చేపకపోతే మీకు దొరికేది దాదాపు సున్నా. పైగా ఆవు కంటే ఆలస్యంగా చేపుతుంది, తొందరపెడితే అసలుకే మోసం.

ఆ సీసాలో ఉండేది కూడా ఇదే హార్మోన్. రోజూ బయటి నుంచి పొడిచి ఎక్కిస్తుంటే తర్వాత సూది లేకుండా చేపడం మానేసిన పశువుల్ని నేను చాలా చూశాను. పాలు పెరగడానికి పశువు ఆరోగ్యానికి హాని చేసే సూదులు వెయ్యడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 12వ సెక్షన్ ప్రకారం నేరం కూడా, రెండేళ్ల వరకు జైలు రాసి ఉంది. డాక్టరు చీటీ లేకుండా అది చేతికివ్వడమే తప్పు.

ముందు ఒక పని చెయ్యండి. నాలుగు చన్నుల మొదటి ధారలూ నల్లగుడ్డ మీద పిండి చూడండి. తరకలు, నీరుపాలు, రక్తపు జీర కనిపించినా, పొదుగు ఒక వైపు వేడిగా గట్టిగా ఉన్నా అది పొదుగువాపు. నొప్పితో తన్నే ఆవుని భయంతో తన్నే ఆవు అనుకుని కూర్చోకూడదు. పాలు లోపల మిగిలిపోతుంటే ఆ జబ్బు వచ్చే అవకాశం కూడా ఎక్కువ, అందుకే ఆలస్యం చెయ్యొద్దు.

రాయగడ వదిన

తమ్ముడూ, మా అత్తగారు పోయినప్పుడు నాకు అచ్చం ఇదే జరిగింది. ఆవిడ రోజూ ఒకటే ముతక నేతచీర కట్టుకుని సాలలోకి వెళ్లేది. పదకొండో రోజు అయ్యాక నేను నా మామూలు నైలాన్ చీరతో వెళ్తే ఆవు కళ్లు పెద్దవి చేసి తాడు తెంపుకునేంత పని చేసింది. మా పెద్దాడపడుచు చెప్పింది, అమ్మ చీర కట్టుకుని వెళ్లు అని. ఏడుస్తూనే కట్టుకుని వెళ్లాను. ఆవు చాలాసేపు కొంగు వాసన చూసింది. తర్వాత గట్టిగా ఊపిరి వదిలి తల దించింది. ఆ పూట పూర్తిగా చేపలేదు గానీ తన్నలేదు. పది రోజుల్లో సర్దుకుంది.

మీ నాన్నగారి తువ్వాలు తలకి చుట్టుకుని వెళ్లి చూడు, ఉతికింది కాదు, ఆయన వాడుతున్నదే. వారం పాటు పాల వేళ కాకుండా మిగతా వేళల్లో కూడా వెళ్లు. కుడితి నువ్వే పెట్టు, గడ్డి నువ్వే వెయ్యి. నీ చెయ్యి కనబడితే తపేలా ఒక్కటే గుర్తు రాకూడదు.

గుణుపురం విద్యార్థి

మాది గుణుపురం, భువనేశ్వర్‌లో పశువైద్యం చదువుతున్నాను. వదినగారు చెప్పిన చీర సంగతి చదివి ఆగలేకపోయాను, ఎందుకంటే ఇది సరిగ్గా ప్రయోగంగా చేసిన విషయం. డెన్మార్క్‌లో లీనా ముంక్స్‌గార్డ్ బృందం 1990ల్లో ఆవుల దగ్గరికి వేర్వేరు రంగుల బట్టలు వేసుకున్న మనుషుల్ని పంపింది. ఒకరు మంచిగా చూసుకున్నారు, ఒకరు దురుసుగా ఉన్నారు. ఆవులు ఎవరు ఎవరో తెలుసుకున్నాయి, దురుసు మనిషికి దూరంగా నిలబడ్డాయి, అందులో బట్టల రంగు వాటికి పెద్ద ఆనవాలు. తర్వాత 1999లో రషెన్, డి పాసియే, ముంక్స్‌గార్డ్ కలిసి ఇంకో మెట్టు ఎక్కారు. దురుసు మనిషి పాలు తీసే చోట పక్కన ఊరికే నిలబడి ఉన్నా చాలు, పొదుగులో పిండకుండా మిగిలిపోయిన పాలు 70 శాతం పెరిగాయి. చెయ్యి వెయ్యనక్కర్లేదు, కనబడితే చాలు. అన్నా, మీరు కర్రతో వేసిన ఆ రెండు దెబ్బల లెక్క ఇదే.

ఆస్ట్రేలియాలో పాల్ హెమ్స్‌వర్త్ చాలా ఏళ్లు ఇదే పని మీద ఉన్నారు. మనిషంటే బెదిరే మందల్లో పాలు తక్కువ అని తేల్చి అక్కడితో ఆగలేదు. పనివాళ్లకి నేర్పించారు, చరచడం, అరవడం మాన్పించారు. భయం తగ్గింది, పాలు పెరిగాయి. మా క్లాసులో ఇది విన్న రోజు నాకు మా తాత గుర్తొచ్చాడు, సాలలో గొంతు పెంచనిచ్చేవాడు కాదు.

ఇంకొకటి, వియన్నాలో ష్మీడ్, వైబ్లింగర్ బృందం 2008లో ఆవుల్ని ఎక్కడెక్కడ నిమిరితే ఇష్టపడతాయో చూసింది. మెడ కింది భాగం నిమిరితే మెడ బాగా సాచి ఇచ్చాయి, ఆ మనిషి మీద బెదురు తగ్గింది. ఆవులు ఒకదాన్నొకటి నాకేటప్పుడు ఎక్కువగా నాకేది కూడా మెడ దగ్గరే. కాబట్టి వీపు తట్టకండి, గంగడోలు దగ్గర మెల్లగా గోకండి.

కొరాపుట్ గేదెలు

పేరు పెట్టి పిలిస్తే పాలు ఎక్కువిస్తాయని ఎక్కడో చదివాను, ఏడాదికి 258 లీటర్లు ఎక్కువని లెక్క కూడా ఇచ్చారు. ముందు పేరు పెట్టు తమ్ముడూ.

గుణుపురం విద్యార్థి

అది 2009లో న్యూకాసిల్ యూనివర్సిటీ వాళ్లు 516 మంది బ్రిటన్ పాడిరైతుల్ని అడిగి రాసింది. లెక్క సరే గానీ అర్థం అది కాదన్నా. పేరు పెట్టే రైతు ప్రతి ఆవునీ విడిగా గమనిస్తాడు, జబ్బు త్వరగా పట్టుకుంటాడు, మెల్లగా నడిపిస్తాడు. పాలు వాటి వల్ల రావచ్చు. ఒట్టి పేరు పెట్టి కర్ర చేతిలో ఉంచుకుంటే ఏం లాభం?

కొరాపుట్ గేదెలు

ఒప్పుకుంటున్నాను. మావి మండ జాతి గేదెలు, వాటికి పేర్లు మా ఆవిడ పెట్టింది, పాలు కూడా ఆవిడకే ఇస్తాయి, ఎందుకంటే రోజంతా వాటి దగ్గర ఉండేది ఆవిడే. నా అనుభవంలో ఒకటి చెప్తాను. గేదెకి చెమట పట్టే గుణం తక్కువ, నల్లతోలు వేడిని పీల్చేస్తుంది, ఎండపూట రేకుల కింద కట్టేసి సాయంత్రం పిండుదామంటే అది చేపే స్థితిలోనే ఉండదు. మధ్యాహ్నం నీళ్లల్లో పడుకోనివ్వు, లేదంటే రెండు బిందెలు పోసి రుద్దు, ఆ తర్వాతే కూర్చో.

మహేంద్రతనయ గట్టు

పదహారు రోజుల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి ఏమనుకోకండి. బరంపురం ఆసుపత్రి పెద్దాయన చెప్పినట్టు నల్లగుడ్డ మీద చూస్తే ఎడమ వెనక చన్నులో సన్నటి తరకలు కనిపించాయి. డాక్టరుగారు మందు ఇచ్చారు, ఐదు రోజుల్లో నయమైంది. అంటే కొంత నొప్పి కూడా ఉంది, నేను దాన్నే కర్రతో కొట్టాను. ఇది తలుచుకుంటే నిద్ర పట్టడం లేదు.

వదినా, తువ్వాలు చుట్టుకుని వెళ్లాను. ఆవు మూడు రోజులు వాసన చూసి మొహం తిప్పేసుకుంది. నాలుగో రోజు కుడితి తాగుతుంటే మెడ కింద గోకాను, ముందు తోలు జలదరించింది, కాసేపటికి తాగడం ఆపి మెడ ఇంతలా పైకి సాచింది, కళ్లు సగం మూసుకుంది. నేను చెయ్యి తీస్తే తలతో మోచేతిని నెట్టింది. ఇప్పుడు పూటకి మూడున్నర ఇస్తోంది. సీసా కొనలేదు.

గేదె ఇంకా దారికి రాలేదు. రోజూ మధ్యాహ్నం చెరువుకి తోలుతున్నాను, తన్నడం మానేసింది గానీ చేపదు. మొన్న నాన్న వాకర్ పట్టుకుని తనంతట తానే సాల గుమ్మం దాకా వచ్చారు, కుర్చీ వేసి కూర్చోబెట్టాం. ఆయన దాంతో ఏవో కబుర్లు చెప్తూ ఉన్నారు, వానల గురించీ ఊడ్పుల గురించీ. నేను పొదుగు కడిగి ఊరికే పట్టుకుని కూర్చున్నాను. రెండు మూడు నిమిషాలయ్యాక నా వేళ్ల కింద చన్నులు నిండి బిగిసినట్టు తెలిసింది. తపేలాలో ధార చప్పుడు విని నాన్న మాట ఆపేశారు, ఆపకండి నాన్నా అన్నాను.

ఆ పూట లీటరున్నర వచ్చింది. రేపటి నుంచి నాన్న కుర్చీ రోజుకి రెండడుగులు వెనక్కి జరిపి చూస్తాను.