అప్‌డేట్: నాన్న కాలి పుండుకి స్కిన్ గ్రాఫ్టింగ్ చేయించాం

మా నాన్నకి ఎడమ చీలమండ పైన, లోపలి వైపు రెండేళ్లుగా మానని పుండు ఉందని, తొడ చర్మం తీసి వేస్తామంటున్నారని, చేయించమంటారా అని అడిగాను కదా. చేయించాం. ఏడు వారాలైంది.

ముందు డాప్లర్ (కాలి రక్తనాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూసే స్కాన్) తీశారు. ధమనులు బాగానే ఉన్నాయి, సిరల్లో కవాటాలు పాడై రక్తం కిందే నిలిచిపోతోందన్నారు. నెలన్నర గట్టి కట్టు కట్టి, వాపు తగ్గి పుండు అడుగు ఎర్రగా తేరాకే ఆపరేషన్. అమలాపురంలో మొదట చూసినాయన ఏడాదంతా ఆయింట్‌మెంట్లు మార్చాడు తప్ప ఈ కట్టు మాటే ఎత్తలేదు. ఆ కోపం నాకింకా పోలేదు.

తొడ నుంచి పల్చటి పొర తీసి, మెషిన్‌తో చిల్లులు పొడిచి, వలలా సాగదీసి పరిచారట. ఐదో రోజు కట్టు విప్పితే గులాబీ రంగులో అతుక్కుని ఉంది. ఒక అంచు మాత్రం నల్లబడి ఊడింది, అదీ డ్రెస్సింగులతోనే మూసుకుంది. విచిత్రమేంటంటే నాన్న మూలిగింది కాలికి కాదు, తొడకి! అక్కడ మంట పది రోజులుంది.

అసలు తంటా ఇప్పుడు. పొద్దున్నే మంచం దిగకముందే బిగుతు సాక్స్ వేయాలి. మన కోనసీమ ఉక్కలో ఆయన ఒప్పుకుంటేనా? "చేలో దిగేవాడికి మేజోళ్లేంట్రా" అంటారు. బురదలోకి వద్దన్నామని గట్టు మీద గంటలకొద్దీ నిలబడుతున్నారు, అదీ మంచిది కాదట. చివరికి కుర్చీ వేసి, కాలు ఎత్తి పెట్టుకోడానికి ఎదురుగా స్టూలు, దాని మీద దిండు పెట్టాం.

పాడైన సిరకి వచ్చే నెల లేజర్. అది వదిలేస్తే పుండు మళ్లీ లేచే అవకాశం ఎక్కువన్నారు.