బెళ్లందూరు చెరువు నురగకు మూలం ఎక్కడ ఉంది? పూడిక తీస్తే సరిపోతుందా?

ప్రశ్న (బెళ్లందూరు నివాసి)

అందరికీ నమస్కారం. మాది అనంతపురం, చాలా ఏళ్లుగా బెంగళూరులో ఈ చెరువుకు దగ్గరలోనే ఉంటున్నాము. 2015, 2017, 2018 సంవత్సరాలలో చెరువులో మంటలు లేచాయి. చివరిసారి ఆర్పడానికి సైనికులు కూడా దిగవలసి వచ్చింది. పెద్ద వాన పడిన మర్నాడు అలుగు దగ్గర లేచిన నురగ గాలికి ఎగిరి బండ్ల మీద పడటం కళ్లారా చూశాను. వాననీరు కలిస్తే మురికి పలచబడాలి కదా, నురగ ఎందుకు పెరుగుతుంది? నీటిలో నిప్పు ఎలా పుడుతుంది? పూడిక తీయడంతో ఇది తీరుతుందా? మా అమ్మాయి అడిగితే సరైన జవాబు చెప్పలేకపోయాను.

జవాబు 1 (మురుగునీటి శుద్ధి ఇంజనీరు)

సబ్బుల్లోనూ డిటర్జెంట్లలోనూ నురగను పుట్టించే రసాయనాలు శుద్ధి కాని మురుగుతో చెరువులోకి చేరతాయి. వాటిలో కొంత భాగాన్ని సూక్ష్మజీవులు విరగ్గొడతాయి, మిగిలినది అడుగున ఉన్న బురదకు అంటుకుని ఏళ్ల తరబడి పేరుకుంటుంది. పెద్ద వానకు ఒక్కసారిగా వచ్చే వరద ఆ బురదను కలియబెడుతుంది; అలుగు మీది నుంచి నీరు దూకేచోట గాలి కలిసి, కవ్వంతో చిలికినట్టు నురగ లేస్తుంది. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ పరిశోధకులు ఇచ్చిన వివరణ స్థూలంగా ఇదే.

మంటలకు కూడా మూలం మురుగే. అందులోని నత్రజని, భాస్వరం వల్ల గుర్రపుడెక్క, గడ్డి దట్టంగా పెరుగుతాయి. గాలి అందని బురదలో మీథేన్ అనే మండే వాయువు పుడుతుంది. 2018లో ముఖ్యంగా తగలబడినది ఎండిన గడ్డి.

2020లో మొదలుపెట్టిన పూడికతీత అవసరమైన పనే. అయితే పైనుంచి మురుగు ఆగనంత కాలం తీసిన చోటే కొత్త బురద చేరుతుంది. బెంగళూరుకు జీవనది లేదు కనుకనే పూర్వులు గొలుసుకట్టు చెరువులు తవ్వించి, ఒకదాని అలుగు నీరు కింది చెరువుకు చేరేలా రాజకాలువలు ఏర్పాటు చేశారు. ఆ గొలుసులో ధర్మాంబుధి చెరువు నేడు మెజెస్టిక్ బస్టాండు అయింది, సంపంగి చెరువు కంఠీరవ స్టేడియం అయింది. మిగిలిన కాలువల్లో చాలావాటిలో ఏడాది పొడవునా పారుతున్నది మురుగు. ఇటు కావేరి నీటిని సుమారు వంద కిలోమీటర్ల దూరం నుంచి ఎత్తి తెచ్చుకుంటున్నాము. 2024 అక్టోబరులో ప్రారంభమైన అయిదవ దశ పథకం ఒక్కటే రోజుకు 77.5 కోట్ల లీటర్లు తేగలదు. వాడిన నీటిలో అధికభాగం మురుగై తిరిగి వస్తుంది గనుక, సరఫరాతో పాటు భూగర్భ డ్రైనేజీ, శుద్ధి కేంద్రాలు పెరగకపోతే ఆ లోటు చెరువుల్లోనే తేలుతుంది. నీటి కాలుష్య నివారణ చట్టం 1974 నుంచీ ఉంది. అయినా మన దేశంలో శరవేగంగా పెరిగే నగరాలలో ఇళ్లు ముందు లేచి, డ్రైనేజీ ఎన్నో ఏళ్లకు వస్తుంది. నా దృష్టిలో అసలు జబ్బు అదే.

జవాబు 2 (కోలారు జిల్లా వాసి)

మాది కోలారు జిల్లాలో తెలుగు మాట్లాడే పల్లె. ఈ చర్చలో దిగువన ఉన్నవాళ్ల మాట కూడా రావాలి. బెళ్లందూరు నీరు వర్తూరు చెరువు మీదుగా దక్షిణ పినాకినిలో కలిసి తమిళనాడుకు వెళుతుంది. ఇదిగాక, 2018 నుంచి బెంగళూరులోని కోరమంగళ–చల్లఘట్ట లోయలో శుద్ధి చేసిన మురుగునీటిని మా జిల్లా చెరువులకు పంపుతున్నారు. ఎండిపోయిన చెరువు నిండినప్పుడు మా నాన్నగారు గట్టు మీద నిలబడి చాలాసేపు చూశారు. ఆ తర్వాత మా బోరులో నీరు పైకి వచ్చింది. ఆ మేలును నేను మరువలేను. కాని ఆ నీటికి రెండవ దశ శుద్ధి (సూక్ష్మజీవులతో మురికిని విరగ్గొట్టడం) మాత్రమే జరుగుతున్నది, మిగిలిన మలినాలను కూడా తీసే మూడవ దశ కావాలని ఇక్కడి రైతులు అడుగుతున్నారు. మా అమ్మ ఇప్పటికీ పశువులను ఆ చెరువుకు తోలదు. నగరం వాడి వదిలిన నీటితో పంట పండించుకోవడానికి మేము సిద్ధమే, కాని దాన్ని శుభ్రం చేసే బాధ్యత వాడినవారిదే.

జవాబు 3 (అపార్ట్‌మెంటు సంఘం సభ్యుడు)

మా సముదాయంలో శుద్ధి కేంద్రం ఉంది. కరెంటు బిల్లు తగ్గించుకోవడానికి రాత్రిపూట గాలి పంపే బ్లోయర్లను ఆపేవారని రెండేళ్ల క్రితం తెలిసింది. గాలి అందకపోతే సూక్ష్మజీవులు చస్తాయి. శుద్ధి కాని నీరే కాలువలోకి పోతుంది. అప్పటి నుంచి ఆ కేంద్రానికి విడిగా మీటరు పెట్టించి, నెలనెలా రీడింగును నోటీసు బోర్డు మీద అంటిస్తున్నాము. బెంగళూరు ఉత్తరాన ఉన్న జక్కూరు చెరువును కూడా ఒకసారి చూసి రండి. అక్కడ శుద్ధి చేసిన నీరు జమ్ము పెరిగిన మడుగు గుండా వడకట్టుకుని చెరువులోకి చేరుతుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మా సముదాయంలో బ్లోయర్లు ఎన్ని గంటలు నడుస్తున్నాయో ఈ ఆదివారం సమావేశంలో అడుగుతాను. అమ్మాయిని జక్కూరుకు తీసుకువెళతాను.