‘ప్రోటీన్లు డీఎన్‌ఏను బంధించును’ అనే వాక్యం సరేనా?

నల్లగొండ నుంచి ప్రశ్న:

డిగ్రీ తెలుగు మీడియం పిల్లల జన్యుశాస్త్రం నోట్సులో ఈ వాక్యం ఉంది: “క్రోమోజోములలోని అంతర టీలోమియర్ క్రమాలను ప్రోటీన్లు బంధించును.” రెండు చోట్ల మనసు ఒప్పుకోవడం లేదు. బంధించడం అంటే కట్టిపడేయడం, చెరలో వేయడం. ఇక ‘అంతర టీలోమియర్’ అంటే టీలోమియర్ (క్రోమోజోమ్ కొస) లోపలిదని చదువుకునే ప్రమాదం ఉంది. సబ్జెక్టు తెలిసినవాళ్లు చెప్పాలి.

మహబూబ్‌నగర్ నుంచి:

మేడం, ముందు క్రియ సంగతి. ఇక్కడ జరిగేది పట్టుకోవడం, వదలడం, మళ్లీ పట్టుకోవడం. టీలోమియర్ మీద ఉండే టీఆర్‌ఎఫ్1, టీఆర్‌ఎఫ్2 అనే ప్రోటీన్లు దేనికది తన రకంతోనే జంటకట్టి పనిచేస్తయి. ఒక్కో జంటకు డీఎన్‌ఏను పట్టే ‘మిబ్’ అనే తలలు రెండుంటయి, ఒక్కో తల ‘టీఏజీజీజీటీటీ’ అనే ఏడక్షరాల ముక్కను డీఎన్‌ఏ పెద్దగాడిలో దూరి పట్టుకుంటది. ఆ పట్టు కొన్ని సెకండ్ల నుంచి కొన్ని నిమిషాల దాకే. బతికున్న కణంలో ఆ ప్రోటీన్లు ఎడతెగకుండా మారుతూనే ఉంటయి. దీనికి ‘బంధించును’ అని రాస్తే పిల్లలు శాశ్వతంగా కట్టేసినట్టు అనుకుంటరు. ‘పట్టుకుంటాయి’ చాలు. నామవాచకం కావాల్నంటే ‘పట్టు’ ఉండనే ఉన్నది. గట్టి పట్టు, సడలిన పట్టు, పట్టు తప్పింది అంటే కొలత కూడా అందులోనే వచ్చేస్తది. ఉదాహరణకు టీలోమియర్‌లో మళ్లీ మళ్లీ వచ్చే ‘టీటీఏజీజీజీ’లో రెండో ‘టీ’ బదులు ‘సీ’ పడి ‘టీసీఏజీజీజీ’ అయితే టీఆర్‌ఎఫ్2 పట్టు తప్పిపోతది. ‘బంధం సడలింది’ అంటే ఇంట్లో గొడవ గుర్తొస్తది గాని ఇది గుర్తు రాదు.

మిర్యాలగూడ నుంచి:

సార్, ఒక అభ్యంతరం. ఆ పట్టులో ఉన్నవి హైడ్రోజన్ బంధాలే గదా? ఇంటర్ పుస్తకం నుంచి సమయోజనీయ బంధం, హైడ్రోజన్ బంధం అనే మాటలకు పిల్లలు అలవాటు పడ్డరు. ‘బంధం’ తీసేస్తే కెమిస్ట్రీతో తెగిపోతది.

మహబూబ్‌నగర్ నుంచి:

నామవాచకం తీయొద్దు సార్. హైడ్రోజన్ బంధాల వల్ల పట్టు ఏర్పడుతుందని రాయొచ్చు. చిక్కంతా ‘బంధించు’ అనే క్రియతోనే. ప్రయోగం రాసేటప్పుడు ఈ తేడా తప్పనిసరి. ఏ ప్రోటీన్ ఎక్కడ కూర్చుందో చూడటానికి కణాలను 1 శాతం ఫార్మాల్డిహైడ్‌లో గది వేడిమి దగ్గర 10 నిమిషాలు ఉంచుతరు. అప్పుడు ప్రోటీన్‌కు, డీఎన్‌ఏకు నడుమ నిజంగానే సమయోజనీయ బంధం పడుతది. 125 మిల్లీమోలార్ గ్లైసిన్ పోసి ఆపుతరు. తర్వాత శబ్దతరంగాలతో డీఎన్‌ఏను 200 నుంచి 500 బేస్ జతల (డీఎన్‌ఏ అక్షరాల జతల) ముక్కలు చేసి, యాంటీబాడీతో ఆ ప్రోటీన్‌ను లాగి, రాత్రంతా 65 డిగ్రీల దగ్గర పెడితే ఆ బంధం విడిపోతది. దీనికి నేనైతే ‘ముడి వేయడం, ముడి విప్పడం’ అంట. ముడి ఎక్కువసేపు వేస్తే ముక్కలు సరిగ్గా తెగవు, యాంటీబాడీ గుర్తుపట్టే చోటు మూసుకుపోతది. పట్టునూ ముడినీ ఒకే మాటతో రాస్తే, “ప్రోటీన్ ముందే బంధించింది గదా, ఫార్మాల్డిహైడ్ ఎందుకు?” అని క్లాసులో అడుగుతరు. అడగడం న్యాయమే.

వనపర్తి నుంచి:

రెండో మాట గురించి. ‘అంతర’కు లోపల, నడుమ, వేరొక అని మూడు అర్థాలున్నయి, అందుకే తికమక. టీలోమియర్ అనే మాటే గ్రీకులో ‘కొస భాగం’. ఇక్కడ చెప్పేది కొసకు ఉండాల్సిన వరుస నడిమిట్ల కనబడటం. మనిషి 2వ క్రోమోజోమ్ దీనికి అసలైన ఉదాహరణ. చింపాంజీకి 48 క్రోమోజోములు, మనకు 46. పూర్వం రెండుగా ఉన్నవి కొసకు కొస అతుక్కుని మన 2వ క్రోమోజోమ్ అయింది. ఆ అతుకు దగ్గర ‘టీటీఏజీజీజీ’ వరుస వస్తూ వస్తూ ఒక్కసారిగా ‘సీసీసీటీఏఏ’గా తిరగబడుతుంది. 1991లో ఇది అచ్చయింది. అతుకు పొడవు దాదాపు 800 బేస్ జతలు, అక్షరాలు చాలా చోట్ల చెడిపోయినయి. అయితే నడిమి వరుసలన్నీ అతుకులు కావు. తెగిన డీఎన్‌ఏను కణం బాగుచేసేటప్పుడు చొరబడ్డ చిన్న ముక్కలూ ఉన్నయి. చైనా హ్యామ్‌స్టర్‌లోనైతే సెంట్రోమియర్ (క్రోమోజోమ్ నొక్కుకుపోయిన చోటు) పక్కన వందల వేల బేస్ జతల పొడవున ఉంటయి. అందుకని ‘టీలోమియర్ తరహా నడిమి వరుసలు’ అంటే అన్నిటికీ సరిపోతది. ‘తరహా’ వదలొద్దు. అక్షరాలు చెడినవాటిని టీలోమియర్ అనేస్తే అబద్ధమవుతది.

నల్లగొండ నుంచి:

‘నడిమి వరుస’ బాగుంది, పరీక్ష పేపర్లో రాసినా ఎవరూ కొట్టేయరు. అయితే టీలోమియర్‌ను కాపాడే ఆరు షెల్టరిన్ ప్రోటీన్లూ నడిమి వరుసల మీద కూర్చుంటాయని రాయవచ్చా?

మహబూబ్‌నగర్ నుంచి:

రాయొద్దు మేడం. ఆ ఆరింటిలో పీఓటీ1 పట్టేది ఒంటిపోగు డీఎన్‌ఏను. నడిమిట్ల ఒంటిపోగు కొస ఉండదు, దానికి నేరుగా పట్టు దొరకదు. జంటపోగును పట్టే టీఆర్‌ఎఫ్1, టీఆర్‌ఎఫ్2 పేర్లే రాయండి. ఆ గుంపులోనిదే అయిన ఆర్‌ఏపీ1, టీఆర్‌ఎఫ్2 వెంబడి వస్తది.

ఇంకొక హెచ్చరిక కూడా నోట్సులో చేర్చండి. కణంలో 92 కొసలున్నయి, మనిషిలో ఒక్కో కొసకు వేల బేస్ జతల ‘టీటీఏజీజీజీ’ ఉంటది. యాంటీబాడీతో లాగిన డీఎన్‌ఏలో అదే నిండిపోతది. పీసీఆర్‌లో (డీఎన్‌ఏకు నకళ్లు తీసే పద్ధతి) నకలు మొదలుపెట్టే చిన్న ముక్క అయిన ప్రైమర్‌ను వరుస మీదనే పెడితే వచ్చే సిగ్నల్ అంతా కొసలది, నడిమిది కాదు. ప్రైమర్లను ఆ వరుసకు అటూఇటూ, జీనోములో మరెక్కడా లేని అక్షరాల మీద పెట్టాలె. సీక్వెన్సింగ్‌లోనూ ఇదే చిక్కు. పూర్తిగా వరుసలో పడ్డ రీడ్ (ఒకసారి చదివిన ముక్క) ఏ క్రోమోజోముదో చెప్పలేం, పక్క అక్షరాలు కొన్ని కలిసి వస్తేనే చిరునామా దొరుకుతది.

నల్లగొండ నుంచి:

అయితే వాక్యం ఇట్లా మారుస్తున్నం: “క్రోమోజోముల నడుమ ఉండే టీలోమియర్ తరహా వరుసలను టీఆర్‌ఎఫ్1, టీఆర్‌ఎఫ్2 ప్రోటీన్లు పట్టుకుంటాయి, వరుసలో అక్షరాలు చెడినకొద్దీ ఆ పట్టు సడలుతుంది.”

మిర్యాలగూడ నుంచి:

ఇది సరిగ్గా ఉంది మేడం. దాని కిందనే ఫార్మాల్డిహైడ్ పేరాలో ‘ముడి’ పక్కన ‘సమయోజనీయ బంధం’ అని ఒక్కసారి రాయండి, తర్వాత ముడి అంటే చాలు.