కలడో లేడో? కలడా లేడా?

పర్లాకిమిడి అబ్బాయి: నాన్న గుడి మెట్టెక్కి ఎరగడు. కానీ రోజూ పొద్దున్నే గడ్డం గీసుకుంటూ పోతన గజేంద్రమోక్షంలోని ‘కలడందురు దీనుల యెడ’ పద్యం పాడేవాడు. కిటికీ ఊచకి చిన్న అద్దం. రేజరు గొంతు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఎత్తిపట్టుకుని, ‘కలడా లేడా’ అని ఆపేసేవాడు. ఆయన పోయి ఏడాదైంది. నాకు మూడో పాదం ఎంతకీ గుర్తు రావట్లేదు. చివర ఉన్నది ‘ఆ’యేనా?

బరంపురం మేష్టారు: ‘కలడందు రన్నిదిశలను’. నాలుగోది ‘కలడు కలండనెడివాడు కలడో లేడో’. ‘ఓ’ అంటే తనలో తాను అనుకోవడం. ‘ఆ’ పెడితే ఎదురుగా జవాబు చెప్పేవాడొకడు ఉండాలి. మడుగులో ఏనుగు ఎవర్ని అడుగుతుంది బాబూ, మొసలినా?

కందం పిచ్చోడు: ఛందస్సుని మాత్రం సాక్ష్యానికి పిలవకండి. ఓ అయినా ఆ అయినా ‘కలడో’ స గణం (రెండు లఘువులు, ఒక గురువు), ఆ తర్వాత ‘లేడో’ గగ (రెండు గురువులు). ఆరో గణం ‘డివాడు’ జగణమే (లఘువు, గురువు, లఘువు). రెంటిలో ఏది పెట్టినా కందపద్యం కుంటుపడదు.

పర్లాకిమిడి అబ్బాయి: గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊరివాళ్లం. నోట పలికిందే మాకు ప్రమాణం.

బరంపురం మేష్టారు: ఆయన కొట్లాడింది వాడుకభాషలో వచనం రాయమని. పోతన పద్యం దిద్దుకోమని కాదు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసిందని ఊరే వదిలేసిన మనిషి పేరు ఇంత తేలిగ్గా వాడకండి.

గుణుపురం గోడమీద పిల్లి: మీరు చివరి అక్షరం దగ్గరే ఉండిపోయారు. కిటుకంతా ‘అనెడివాడు’లో ఉంది. ‘కలడు కలడు అనెడివాడు’ అంటే ఉన్నాడు ఉన్నాడు అని చెప్పేవాడు కూడా కావచ్చు కదా? అప్పుడు ఏనుగు సందేహం దేవుడి మీద కాదు, భక్తుడి మీద. అందరూ ‘ఉన్నాడందురు’ సరే, నిజంగా నమ్మి అనేవాడు ఒక్కడైనా ఉన్నాడా అని!

కందం పిచ్చోడు: అబ్బో.

బరంపురం మేష్టారు: తమ్ముడూ, ‘రాముడనెడివాడు’ అంటే రాముడు అని పేరున్నవాడు. ‘రాముడు’ అని అరిచేవాడు కాదు. కాకపోతే మీరు తెలియకుండానే మంచి చోటికి వచ్చారు. పాణిని సూత్రం ‘అస్తి నాస్తి దిష్టం మతిః’. ‘ఉంది’ అనే బుద్ధి గలవాడు ఆస్తికుడు, ‘లేదు’ అనేవాడు నాస్తికుడు. ఏది ఉందో సూత్రంలో లేదు. పరలోకం అని ఆ సూత్రాల వ్యాఖ్య కాశికావృత్తి పూరించింది. మనువైతే వేదాన్ని నిందించేవాడే నాస్తికుడన్నాడు. ఈ లెక్కన వేదాన్ని నమ్మి, సృష్టికర్త అక్కర్లేదన్న మీమాంసకుడు ఆస్తికుడే. ఇప్పుడు మన నోట్లో ‘నాస్తికుడు’ అన్న మాటకి దేవుడు లేడనేవాడు అన్న అర్థం ఒక్కటే మిగిలింది. 1940లో నాస్తికవాది గోరా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టినప్పటికే అదే అర్థం.

బరంపురం కోడలు: మా అత్తవారు ఒడియావాళ్లు. జగన్నాథదాసు భాగవతం వాళ్లకి నోటికొచ్చు. ఊళ్లో భాగవత టుంగి (భాగవతం చదువుకునే చావడి) కూడా ఉంది. స్నానపూర్ణిమ నాడు పూరీలో జగన్నాథుడికి ఏనుగు వేషం కడతారు. అక్కడ దేవుడే ఏనుగు! ఇక్కడ మీరు ఏనుగుని మొసలి నోట్లో వదిలేసి ఓ, ఆ అని తగువులాడుతున్నారు.

రాయగడ పాఠకుడు: ఏనుగుని వదల్లేదమ్మా. తర్వాతి సీసం చూడండి: ‘కలుగడే నాపాలి కలిమి సందేహింప, కలిమిలేములు లేక కలుగువాడు’. ఇక్కడ ‘ఏ’ వచ్చింది. ‘ఓ’లో సందేహం, ‘ఏ’లో ఆశ. ఒక్క పద్యం దాటేలోపు ఏనుగు ఓ నుంచి ఏ దాకా వచ్చేసింది. పైగా ఉండటం, లేకపోవటం రెండూ లేకుండా ఉండేవాడట! సంస్కృత మూలంలో ఈ సందేహం లేదు, పూర్తిగా పోతన సొంతం. అంతటి భక్తకవి అడక్కుండానే ఏనుగు చేత అనుమానపడించాడంటే, అనుమానాన్ని ఆయన పాపంగా లెక్కేయలేదనే నేననుకుంటాను.

గుణుపురం గోడమీద పిల్లి: అందుకే మా ఓరుగల్లు పోతన గొప్ప.

కందం పిచ్చోడు: పోతన మావాడే అనే ఒంటిమిట్టవాళ్లు చూడకముందే ఈ మాట తీసేయండి.

పర్లాకిమిడి అబ్బాయి: ఇప్పుడే అమ్మకి ఫోన్ చేశాను. ‘ఆ’యేనట. నాన్న ‘లేడా’ అని రేజరు ఎత్తినప్పుడల్లా తను వంటింట్లోంచి ‘ఉన్నాడు, గీసుకోండి, నీళ్లు చల్లారిపోతున్నాయి’ అనేదట. పెళ్లయిన కొత్తలో ‘కలడో’ అనే పాడేవాడట కూడా.

బరంపురం మేష్టారు: జవాబు చెప్పేవాళ్లు ఉన్నారన్నమాట. అయినా అచ్చులో ఉన్నది ‘ఓ’యే.

రాయగడ పాఠకుడు: ఇంతకీ అరసున్న సంగతి ఎవరూ ఎత్తరేం? నాలుగో పాదంలో మొదటిసారి ‘కలఁడు’, వెంటనే ‘కలండు’. ఒకే మాట ఒకసారి అరగా, ఒకసారి నిండుగా. ఊరికే అంటాడా?

కందం పిచ్చోడు: లఘువు కావాల్సిన చోట అర, గురువు కావాల్సిన చోట నిండు. అంతకుమించి అందులో ఏమీ లేదు.

రాయగడ పాఠకుడు: మీకు లేదు.