డిగ్రీ కోసం కాకుండా, ఆసక్తి కొద్దీ చదివే చిన్న యూనివర్సిటీ కోర్సులు: మీ అనుభవం చెప్పండి

అందరికీ నమస్కారం. ఉద్యోగం కోసమో ప్రమోషన్ కోసమో కాదు, తెలుసుకోవాలన్న కోరికతోనే చదవాలనుకుంటున్నాను. ఖగోళశాస్త్రం, పురావస్తు శాస్త్రం, తత్వశాస్త్రం, ఇలా మనసు ఒక్కచోట నిలవదు. అందుకే ఒకే సబ్జెక్టులో ఏళ్ల తరబడి కూర్చోకుండా కొన్ని వారాల్లో అయిపోయే కోర్సులు వెతుకుతున్నాను.

అమెరికాలోని ఎంఐటీ వాళ్ల ఓపెన్‌కోర్స్‌వేర్, బ్రిటన్‌లోని ఓపెన్ యూనివర్సిటీ వాళ్ల ఓపెన్‌లెర్న్ అనే ఆన్‌లైన్ పాఠాల సైట్లు చూశాను. ఉచితమే, పాఠాలూ బాగున్నాయి. కానీ అడగడానికి మనిషి లేడు. నక్షత్రం కాంతిని రంగులుగా విడదీస్తే కనిపించే నల్లటి గీతలను బట్టి అందులో ఏ మూలకాలున్నాయో చెప్పొచ్చని విన్నాక, మరి ఆ నక్షత్రం మన నుంచి దూరంగా జరుగుతుంటే గీతలన్నీ ఎరుపు వైపు జరుగుతాయి కదా, అప్పుడు ఏ గీత దేనిదో ఎలా గుర్తుపడతారు అనే డౌట్ వచ్చింది. పక్కన టీచర్ ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోయే విషయం.

ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ట్యూటర్‌తో నడిపే ఆన్‌లైన్ కోర్సులు ఇస్తుంది, చాలావరకు 10 వారాలవి. అలాంటివి చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ట్యూటర్ నిజంగా జవాబులిస్తారా? వారానికి ఎన్ని గంటలు పట్టింది? సర్టిఫికెట్ నాకు అక్కర్లేదు కానీ, అసైన్‌మెంట్లు రాస్తేనే విషయం ఒంటబడుతుందా అన్నది మాత్రం మీరే చెప్పాలి. సైన్స్ వదిలేసి చాలా కాలమైనవాళ్లు ముందు ఏ సబ్జెక్టుతో మొదలుపెడితే మంచిదో కూడా చెప్పండి, ప్లీజ్.