మన సర్వర్‌లోని బహిరంగ పోస్టులతో ఏఐ మోడల్‌కు శిక్షణ ఇవ్వవచ్చునా?

బరంపురం డెవలపర్:

ఉద్యోగం పోను మిగిలే సమయంలో నేను రెండు పనులు చేస్తున్నాను. మొదటిది గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగువారి కోసం నడుపుతున్న చిన్న మాస్టడాన్ సర్వర్ (మాస్టడాన్ అంటే, వేర్వేరు వ్యక్తులు నడిపే సర్వర్లు ఒకదానితో ఒకటి కలిసి పనిచేసే సామాజిక మాధ్యమం). రెండోది ఒడియా కలిసిన మన తెలుగును అర్థం చేసుకోగల చిన్న భాషా మోడల్. అందరికీ అందుబాటులో ఉన్న ఓపెన్ మోడల్ ఒకటి తీసుకుని, సర్వర్‌లోని బహిరంగ పోస్టులతో దానికి అదనపు శిక్షణ ఇవ్వదలిచాను. ముందుగా ప్రకటన పెడతాను, వద్దన్నవారి పోస్టులు తీసేస్తాను, పేర్లు తొలగిస్తాను. ఈ జాగ్రత్త చాలునా, లేక ఒక్కొక్కరినీ అడిగి తీరాలా?

రాయగడ సభ్యుడు:

చాలుననే నా అభిప్రాయం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కూడా, ఒక వ్యక్తి తానే బహిరంగపరచిన సమాచారాన్ని తన పరిధి నుంచి మినహాయించింది. అంతకంటే బలమైన కారణం మన పరిస్థితి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడి ఈ ప్రాంతాలు మద్రాసు నుంచి విడివడిన తర్వాత, ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా అన్నది ఇక్కడి పిల్లలకు మామూలైపోయింది. తెలుగు ధారాళంగా మాట్లాడుతూ లిపి చదవలేనివారు మన ఇళ్లలోనే ఉన్నారు. పెద్ద కంపెనీల మోడళ్లకు ఎక్కువగా దొరికేది పత్రికల తెలుగు, వికీపీడియా తెలుగు. మనం మాట్లాడే తీరు రాతలోకి ఎక్కుతున్నది ఇటువంటి చోట్లనే. ఒక్కొక్కరి సమ్మతి కోసం ఆగితే కొద్దిమంది బదులిస్తారు, తక్కినవారు ఆ సందేశం చూడనైనా చూడరు.

పర్లాకిమిడి అధ్యాపకురాలు:

రాయగడ వారు చెప్పిన దిగులు నాకూ ఉన్నది. అయినా ఈ పద్ధతికి నేను ఒప్పుకోలేను. చట్టం ఒకదాన్ని మినహాయించినంత మాత్రాన, ఆ పోస్టు రాసినవారు దీనికి ఒప్పుకున్నట్టు కాదు.

ఈ వివాదం మనతో మొదలైనదీ కాదు. 2024 ఫిబ్రవరిలో బ్రిడ్జీ ఫెడ్ అనే సాధనాన్ని, అదీ ఒక డెవలపర్ సొంత ఆసక్తితో చేసినదే, మాస్టడాన్ పోస్టులు బ్లూస్కై అనే మరో సామాజిక మాధ్యమంలోనూ కనిపించేలా సిద్ధం చేసినప్పుడు, వద్దన్నవారిని మాత్రమే మినహాయిస్తామన్న నియమం మీద తీవ్రమైన అభ్యంతరాలు వచ్చి, చివరకు కోరినవారికే వర్తించేలా దాన్ని మార్చవలసి వచ్చింది. అదే ఏడాది నవంబరులో ఏఐ మోడళ్లు, డేటా పంచుకునే వేదికను నడిపే హగ్గింగ్ ఫేస్ సంస్థ ఉద్యోగి ఒకరు పది లక్షల బ్లూస్కై పోస్టులను పరిశోధన కోసమని ఒకచోట చేర్చి విడుదల చేసి, నిరసన రావడంతో తొలగించారు. అవన్నీ బహిరంగ పోస్టులే. మాస్టడాన్ సైతం 2023లో 4.2 సంచికతో పోస్టుల వెతుకులాటను తెచ్చినప్పుడు, రాసినవారు స్వయంగా అనుమతించిన పోస్టులే ఇతరుల వెతుకులాటలో దొరికేలా ఏర్పాటు చేసింది. వెతకడానికే సమ్మతి అడిగిన చోట, శిక్షణకు అడగనక్కరలేదని ఎలా అనగలం?

పేర్లు తొలగించడం గురించి మరింత ఆలోచించాలి. లక్షలమంది ఉన్న చోట పేరు తీసేస్తే మనిషి కొంతవరకైనా మరుగున పడతాడు. పర్లాకిమిడిలో రథం వీధి పక్కన ఫలానా కొట్టు, కూతురి పెళ్లి, భువనేశ్వర్‌లో వైద్యం అని మూడు మాటలు కలిస్తే ఎవరో చెప్పడానికి మాకు పేరు అక్కరలేదు. పైగా కొద్దిపాటి పాఠాన్ని పదే పదే చూపి శిక్షణ ఇచ్చినప్పుడు, మోడల్ వాక్యాలను యథాతథంగా గుర్తుంచుకుని తిరిగి ఒప్పజెప్పే అవకాశం పెరుగుతుంది. చిన్న సమూహం, చిన్న డేటా అన్నవి మన విషయంలో రక్షణ కావు, ప్రమాదానికి కారణాలు. పోస్టు తొలగిస్తే ఆ సమాచారం, సర్వర్లను ఒకదానితో ఒకటి కలిపే యాక్టివిటీపబ్ అనే పద్ధతి ద్వారా ఇతర సర్వర్లకు వెళ్లి, వాటిలో చాలావరకు అక్కడా తొలగుతుంది. మోడల్‌లో కలిసిన వాక్యాన్ని అలా వెనక్కి తీసుకునే మార్గం లేదు.

మరొక్క సంగతి. మన సర్వర్ డేటాబేసులో మన సభ్యుల పోస్టులే కాక, వారు అనుసరించే ఇతర సర్వర్ల వారి పోస్టులూ నిల్వ అవుతాయి. బరంపురం వారి ప్రకటన వారికి చేరదు.

రాయగడ సభ్యుడు:

ఇతర సర్వర్ల పోస్టుల విషయంలో మీ మాటే సరి, వాటిని వదిలేయాలి. కానీ అడిగి తీసుకోవడంలో ఒక లోపం ఉంది: సెట్టింగులు తెరిచి అనుమతించేవారు చదువుకున్న యువకులు. అప్పుడు మోడల్ నేర్చుకునేది వారి తెలుగే. మాట పోగొట్టుకుంటున్న పెద్దవారి తీరు, గ్రామాల తీరు అందులోకి రానే రావు.

పర్లాకిమిడి అధ్యాపకురాలు:

ఆ పెద్దవారిలో సర్వర్‌లో రాస్తున్నవారెందరు? వారి మాట కావాలంటే వారి దగ్గరికి వెళ్లవలసిందే. ఈ ఊళ్లోనే గిడుగు రామమూర్తి గారు సవరలను ఇంటికి పిలిపించుకుని, వారి నోట విని వారి భాష నేర్చుకున్నారు. 1931లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం వెలువరించిన సవర భాషా గ్రంథానికి ఆధారం ఆ శ్రమే. మొజిల్లా సంస్థ 2017లో మొదలుపెట్టిన కామన్ వాయిస్ అనే గొంతుల సేకరణ కూడా ప్రజలు తెలిసి ఇచ్చిన గొంతులతోనే నడుస్తున్నది. రికార్డింగుకు నేనూ, ఆసక్తి ఉన్న నా విద్యార్థులూ వస్తాము. అడిగి తీసుకున్న వంద సంభాషణలు, అడగని పది వేల పోస్టులకన్నా మనకు ఎక్కువ పనికివస్తాయని నా గట్టి నమ్మకం.

బరంపురం డెవలపర్:

అధ్యాపకురాలి గారి వాదన నాకు సబబుగా తోచింది. ప్రతి ఖాతా సెట్టింగులలో శిక్షణకు అనుమతి అనే గడి పెడతాను, అది ఖాళీగానే మొదలవుతుంది; ఇతర సర్వర్ల పోస్టులు తాకను. మూల మోడల్‌ను మార్చకుండా లోరా అనే పద్ధతిలో, దానికి జతచేసే అడాప్టర్ అనే చిన్న భాగానికే శిక్షణ ఇస్తాను కనుక, ఎవరైనా అనుమతి ఉపసంహరించుకుంటే వారి పోస్టులు తీసి అడాప్టర్‌ను మళ్లీ తయారు చేయడం పెద్ద ఖర్చు కాదు. అయితే అప్పటికే పాత అడాప్టర్‌ను దిగుమతి చేసుకున్నవారి దగ్గర అది ఉండిపోతుంది. అందువల్ల ఫైలును బయటికి ఇవ్వకుండా సర్వర్‌లోనే ఉంచి, సభ్యులకు మాత్రమే వాడుకోనివ్వాలా అన్నది ఇంకా తేలలేదు. రాయగడ వారు దీనిపై ఏమంటారు?

రాయగడ సభ్యుడు:

మొదటి ఏడాది సర్వర్‌లోనే ఉంచండి. గుణుపురం వైపు రికార్డింగుకు మనుషులను నేను చూస్తాను.